అరవడం మానేసిన బ్రేకులు

మా కారు అరుస్తోందని మొదట చెప్పింది తాత. ఆయనకు కారు నడపడం రాదు. చూపు కూడా సగం పోయింది. చెవులు మాత్రం గట్టివి.

"ఏరా, నీ బండి చర్చి మలుపు కాడ పందిపిల్లలాగా అరుస్తోంది. నీకు వినపడట్లా?" అన్నాడు, వాకిట్లో నులకమంచం మీద కూర్చుని.

వినపడుతూనే ఉంది. అదేమిటో కూడా నాకు తెలుసు. నేను మెకానికల్ డిప్లొమా చేసి చిలకలూరిపేట వైపు ఒక స్పిన్నింగ్ మిల్లులో మెయింటెనెన్స్ పని చేస్తున్నాను. మిల్లులో నా చేతికి వచ్చేవన్నీ అరిగిపోయేవే: బేరింగులు, బెల్టులు, రోలర్ల మీది రబ్బరు తొడుగులు. విరిగాక మార్చితే మెయింటెనెన్స్ ఉన్నా లేనట్టే. విరగబోయే ముందే కనిపెట్టాలి. అందుకని ఏ యంత్రం ఏ శబ్దం చేసినా అది ఎందుకు చేస్తోందో వరసపెట్టి మనసులో రాసుకోవడం అలవాటైపోయింది.

కారు ముందు చక్రాల లోపల, చక్రంతోపాటే తిరిగే ఒక ఇనుప పళ్ళెం ఉంటుంది. దానికి అటొకటి ఇటొకటి ప్యాడ్లు. పెడల్ తొక్కితే ఆ రెండూ పళ్ళేన్ని గట్టిగా పట్టుకుంటాయి. పట్టుకున్న ప్రతిసారీ కొంచెం అరుగుతాయి. బాగా అరిగిపోయేసరికి, ప్యాడుకు అంటిపెట్టుకుని ఉన్న ఒక చిన్న రేకు పళ్ళేనికి రాసుకుని కీచుమంటుంది. అది ఏదో చెడిపోయి వచ్చే శబ్దం కాదు. నన్ను మార్చండి అని చెప్పడానికే ఆ రేకును అక్కడ పెట్టారు.

మా బజారులో ఈ లెక్క ఎవరికీ అక్కర్లేదు. మిరప కోతల రోజులు కాబట్టి మిరప దుమ్ము దూరిందన్నారు కొందరు. పత్తి నూగు చుట్టుకుపోయి ఉంటుందని ఇంకొకరు. నాన్న మాత్రం, "అరిస్తే అరవనీరా, హారన్ కొట్టే పని తప్పింది," అన్నాడు. ఆయన ప్రాథమిక పాఠశాలలో టీచరు, మా చర్చిలో సంఘ పెద్ద. కారు నేను కొన్నాను గానీ నడిపేది ఎక్కువగా ఆయనే. ఆసుపత్రికి వెళ్ళాల్సినవాళ్ళు, ప్రార్థన కూడికలకు వెళ్ళాల్సినవాళ్ళు ముందు మా గుమ్మంలోకే వస్తారు. ఎవరికీ లేదనడం ఆయనకు చేతకాదు.

శనివారం సాయంత్రం స్టీరింగును ఒక పక్కకు పూర్తిగా తిప్పిపెట్టి, చక్రం పక్కన గొంతుక్కూర్చుని ఫోన్ టార్చి వేసి చూశాను. ప్యాడు మీద మిగిలిన మందం రూపాయి బిళ్ళ కన్నా కాస్త ఎక్కువ ఉందేమో. బోనెట్ ఎత్తి చూస్తే బ్రేకు ఆయిల్ మట్టం దిగి ఉంది. పెడల్ మునుపటికన్నా కొంచెం లోతుకు వెళుతోంది. బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగడం లేదు. గరగరమనే మోటు శబ్దం ఇంకా మొదలుకాలేదు. పళ్ళెం మీద గీతలు పడలేదు. అన్నీ కలిపి చూస్తే తేలింది ఒకటే: వెంటనే మార్చాలి, కానీ ఇనుము ఇనుమును కొరికే దాకా ఇంకా రాలేదు.

తాత చేతికర్ర పట్టుకుని వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"అరుస్తున్నది ఏదిరా?"

"ఇదుగో తాతా, ఈ మెరిసే పళ్ళెం. దీనికి ఆ దిమ్మ రాసుకుంటోంది."

ఆయన వంగి, చేత్తో తడిమి చూసి, "ఊఁ" అన్నాడు. అంతే. రెండోవైపు చక్రాన్ని కూడా అలాగే చూశాడు. నేను చక్రాలు తిన్నగా తిప్పకుండానే లోపలికి వచ్చేశాను. పేటలో స్పేర్ పార్టుల షాపుకు ఫోన్ చేస్తే, ఆ మోడల్ ప్యాడ్లు అయిపోయాయి, గుంటూరు నుంచి సోమవారం వస్తాయన్నారు.

మధ్యలో ఆదివారం ఉంది. ఆ ఆదివారం కొత్తపట్నం సముద్రంలో బాప్తిస్మాలు. మిరపకోతలకు వెళ్ళే అత్తాకోడళ్ళు ఇద్దరు మా చర్చిలో కొత్తగా చేరారు. వాళ్ళను మా కారులో తీసుకెళతానని నాన్న ఎప్పుడో మాటిచ్చేశాడు.

"నాన్నా, రేపు కారు తీయొద్దు," అన్నాను.

"తీయకపోతే ఎట్టారా? వాళ్ళు పని మానుకుని వస్తున్నారు."

"ఆటోలో పంపించండి."

"ఆటోలో పాస్టరుగారి వాళ్ళే ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుంటున్నారు. వీళ్ళను టాపు మీద కట్టమంటావా?"

"ప్యాడ్లు అరిగిపోయాయి నాన్నా."

"పూర్తిగా పోయాయా, ఇంకా ఉన్నాయా?"

నాన్న అడిగే పద్ధతే అది. తరగతిలో పిల్లవాడిని నిలబెట్టి అడిగినట్టు అడుగుతాడు. అబద్ధం చెప్పలేకపోయాను.

"కొంచెం ఉన్నాయి."

"ఆ కొంచెం కొత్తపట్నం వెళ్ళి రావడానికి చాలుతుందా, చాలదా? అది చెప్పు."

నేను లెక్క వేసుకున్నాను. మావైపు ఘాట్ రోడ్లు లేవు. పొద్దున్నే అయితే రద్దీ తక్కువ. నింపాదిగా వెళితే ఆ మందం ఈ ఒక్క ప్రయాణానికి చాలుతుంది. అదే చెప్పాను. చెప్పి, వేళ్ళు ముడుస్తూ షరతులు మొదలుపెట్టాను. వేగంగా పోవద్దు. ముందు బండికి బాగా ఎడం ఇవ్వాలి. బ్రేకు ఒక్కసారిగా తొక్కొద్దు, దూరం నుంచే మెల్లగా నొక్కుతూ రావాలి. వాలు కనిపిస్తే ముందే గేరు తగ్గించాలి. దారిలో ఫోన్ ఎత్తొద్దు, ఎవరు చేసినా సరే, నేను చేసినా సరే.

అమ్మ బియ్యం ఏరుతూ తలెత్తింది. "మోషేకి కూడా పది ఆజ్ఞలే ఇచ్చాడు కదరా దేవుడు. నీవి ఎక్కడ ఆగుతాయి?"

నాన్న నవ్వి, అన్నిటికీ ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటే పాటించే మనిషి.

ఆదివారం తెల్లవారగానే బయలుదేరారు. ముందు సీట్లో అమ్మ. వెనక అత్తాకోడళ్ళు, ఒళ్ళో తెల్లచీరల సంచి. నాన్న స్టీరింగు మీద చెయ్యి పెట్టి చిన్న ప్రార్థన చేశాడు. నేను గేటు దగ్గర నిలబడి చూస్తున్నాను. కారు బజారు చివరి దాకా వెళ్ళింది. చర్చి మలుపు దగ్గర వెనక ఎర్ర లైట్లు వెలిగాయి. అక్కడే ఎప్పుడూ అరిచేది.

అరవలేదు.

ఒక్క క్షణం సంతోషించాను. ఆ క్షణం దాటగానే లెక్క కుదరలేదు. ఆ రేకు అరవడం మొదలుపెట్టాక తనంతట తాను మానదు. ఏదో ఒకటి దాన్ని మాన్పించాలి.

వెనక్కి తిరిగాను. తాత మంచం మీద కూర్చుని నవ్వుతున్నాడు.

"ఏరా, అరిచిందా?"

"లేదు తాతా."

"ఎట్టా అరుస్తది? కందెన పెట్టాగా."

తాత కుర్రతనమంతా ఒక ఆసామి దగ్గర ఎడ్లబండి తోలాడు. మిరపకాయలు తొక్కి నింపిన గోతాలను మావైపు టిక్కీలంటారు. ఆ టిక్కీలు బండి నిండా వేసుకుని గుంటూరు యార్డుకు వెళ్ళి వచ్చేవాడు. ఇరుసు అరవకుండా ఆముదంలో కాలిన గడ్డి బూడిద కలిపి రాస్తారు. అదే కందెన. బండి కింద వెదురు గొట్టంలో అది ఎప్పుడూ వేలాడుతూ ఉండాలి. అరిచే బండి తోలుకొస్తే యార్డులో తోటి బండ్లవాళ్ళు నవ్వేవాళ్ళట, ఎద్దులకు మేతా ఇరుసుకు కందెనా పెట్టలేనివాడికి బండెందుకని. ఆ మాట ఆయన ఎన్నిసార్లు చెప్పాడో.

"ఎక్కడ పెట్టావు తాతా?"

"నువ్వు చూపించావుగా. ఆ మెరిసే పళ్ళేనికి. కోడి ఈకతో రెండు పక్కలా రాశా, దిమ్మల సందున కూడా పోశా. ముందు చక్రాలు రెండిటికీ. వెనకవి అరవట్లేదుగా, వాటి జోలికి పోలా." నా ముఖం ఆయనకు సరిగ్గా కనపడదు. "బూడిద కలపలేదులే. మీ అమ్మ ఆముదం సీసా ఉంటే ఒట్టి ఆముదమే పోశా. మీది కొత్త బండి కదా."

ఇరుసు తిరగాలి కాబట్టి కందెన. బ్రేకు పట్టుకోవాలి. పట్టుకోవాల్సినచోట నూనె పడితే ప్యాడు ఎంత మందం ఉన్నా లేనట్టే. ఇదంతా ఆయనకు చెప్పడానికి నోరు తెరిచాను. చెప్పి ఏం లాభం? కారు వెళ్ళిపోయింది.

నాన్నకు ఫోన్ చేశాను. రింగ్ అయి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. మళ్ళీ ఆగిపోయింది. ఎత్తొద్దన్నది నేను. అమ్మకు చేశాను. వంటింట్లో చార్జింగ్‌లో ఉన్న ఫోన్ మోగింది. వెనక కూర్చున్నవాళ్ళ నంబర్లు నా దగ్గర లేవు.

బ్రేకు సరిగ్గా పడటం లేదని నాన్నకు తెలిసిపోతుందిలే, ఆపేస్తాడులే అనుకున్నాను. వెంటనే నా షరతులే గుర్తొచ్చాయి. దూరం నుంచే మెల్లగా నొక్కుతూ రమ్మన్నాను. గేరు తగ్గించుకోమన్నాను. అలా నడిపేవాడికి వెనక చక్రాల బ్రేకులే చాలు, బండి బాగానే ఆగుతున్నట్టు ఉంటుంది. గట్టిగా తొక్కాల్సిన అవసరం వచ్చినప్పుడే తెలుస్తుంది, ముందు బ్రేకులు లేవని.

బైకు తీశాను. "ఎక్కడికిరా, టిఫినన్నా తినకుండా?" అని తాత వెనక నుంచి అరిచాడు.

రోడ్డుకు రెండు పక్కలా కల్లాలే. పట్టాల మీద మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. కొన్నిచోట్ల పట్టా అంచు తారు మీదికే వచ్చేసింది. ఆడవాళ్ళు తలలకు గుడ్డలు చుట్టుకుని కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. ప్రతి మలుపులో ఒక ట్రాక్టరు, ఒక గేదెల మంద, ఒక సైకిలు. రోజూ వెళ్ళే రోడ్డే అది. ఆ పొద్దున నాకు దాని మీద కనిపించినవన్నీ కారు ముందుకు అడ్డం రాగలిగినవే. ఎక్కడెక్కడ నాన్న గట్టిగా బ్రేకు వేయాల్సి రావచ్చో ఒక్కొక్కటీ మనసులో వరసగా వచ్చాయి. ఇంకొల్లు సెంటరు. హైవేలో కలిసేచోటు. టోల్‌గేటు దగ్గర ఆగి ఉండే లారీలు. ఒంగోలు ఊరు. చివర్లో కాలవ వంతెన దిగుడు. వరస ఎంత సరిగ్గా ఉందో అంత పనికిరాకుండా ఉంది. మధ్యమధ్యలో బైకు ఆపి ఫోన్ చేశాను. నాన్న ఎత్తలేదు. మాట మీద నిలబడే మనిషి మీద అంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు.

ఇంకొల్లు దాటాక, నాన్న నంబరు నుంచే ఫోన్ వచ్చింది. మాట్లాడింది అమ్మ. గొంతు నిండా దగ్గు.

"ఏం కాలేదు నాయనా, కంగారు పడకు. అందరం బాగానే ఉన్నాం. కొంచెం ముందుకు రా, కల్లాం కాడ ఉన్నాం."

అమ్మ ఏం కాలేదంటే ఏదో అయినట్టు.

కారు ముందు భాగం టిక్కీల వరుసలో దూరి ఉంది. రెండు గోతాలు పగిలి కాయలు బోనెట్ నిండా పడ్డాయి. గాలిలో ఘాటు. ఎవరు చూసినా దగ్గూ తుమ్ములే. నాన్నను ఎరిగిన కల్లం ఆసామి తిడుతున్నాడు, తిడుతూనే బిందెతో నీళ్ళు తెచ్చి అత్తాకోడళ్ళ కళ్ళ మీద చల్లుతున్నాడు.

"కళ్ళు నెత్తికెక్కాయా టీచరుగారూ? కాయలు కొనుక్కోవాలంటే దిగి అడగాలి గాని కారేసుకుని లోపలికొస్తారా?" అని, తుమ్మి, "అమ్మా, చెయ్యి కదపమాకమ్మా, ఎముక విరిగినట్టుంది," అన్నాడు మా అమ్మతో.

జరిగింది ఇది. కల్లంలోంచి ఒక ట్రాక్టరు వెనక్కి రోడ్డు మీదికి వచ్చింది. నాన్న గట్టిగా తొక్కాడు. బండి ఆగలేదు. ఒక పక్క ట్రాక్టరు, ఇంకో పక్క తాలు ఏరుతున్న ఆడవాళ్ళు. మధ్యలో మిగిలింది టిక్కీల వరుస. అందులోకి తిప్పాడు. అమ్మ డాష్‌బోర్డుకు చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆడవాళ్ళలో ఒకామె ఇంకా లేవలేదు. తను కూర్చున్న చోటునూ చక్రాల జాడనూ మార్చి మార్చి చూస్తోంది.

నేను చక్రం దగ్గర కూర్చుని వేలు పెట్టి చూశాను. జిడ్డు. కాలిన ఆముదం వాసన.

నాన్న వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"ప్యాడ్లు అయిపోయాయన్నావు. అదే కదా?"

నేను లేచి నిలబడ్డాను. జిడ్డు వేలిని గుప్పిట్లో దాచుకున్నాను.

"నువ్వు వద్దనే అన్నావు. చాలుతుందా అని నీ చేత నేనే అనిపించుకున్నా," అన్నాడు. నేను మాట్లాడకపోవడం ఆయనకు జవాబులాగే వినిపించింది.

అమ్మను చీరాల ఆసుపత్రికి తీసుకెళ్ళాం. నాన్న ఎక్స్‌రే గది ముందు నిలబడి ఉంటే, అమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. మంచి చెయ్యి నా చేతి మీద వేసి, ముక్కు దగ్గరికి తీసుకుంది.

"ఆముదం వాసనేందిరా నీ చేతికి? పొద్దున చూస్తే నా సీసా ఖాళీగా ఉంది."

చెప్పాను. అమ్మ కళ్ళు మూసుకుంది. నొప్పికో, ఇంకెందుకో.

"మీ నాన్నకి చెప్పమాక," అంది.

"చెప్పకపోతే తన తప్పే అనుకుంటాడమ్మా."

"చెప్తే ఏం చేస్తాడు? మీ తాతని ఒక్క మాట అనడు. ఆ అనకపోవడం ఆ ముసలాయనకి తెలీకుండా ఉంటుందా? మీ నాన్న కొన్నాళ్ళకి తేరుకుంటాడు. మీ తాతకి అన్ని నాళ్ళు ఎక్కడున్నాయి?"

నేను చదివిన చదువులో ప్రతి లోపానికీ ఒక కారణం ఉంటుంది. కారణం దొరికితే రాయాలి, సంబంధించినవాళ్ళకు చెప్పాలి, మళ్ళీ జరగకుండా చూడాలి. ఇక్కడ కారణం నా వేలికి అంటుకుని ఉంది. దాన్ని ఇద్దరిలో ఎవరో ఒకరి మీద పెట్టాలి. ఎవరి మీదా పెట్టకపోతే నాన్న తనంతట తానే ఎత్తుకుంటున్నాడు.

కారును పేటకు లాగించుకెళ్ళి బాగు చేయించాను. పళ్ళేలు శుభ్రంగా తుడిపించాను. కొత్త ప్యాడ్లు వేయించాను. పాతవాటిని చేతిలో పెట్టుకుని చూశాను. మిగిలిన మందం నేను లెక్క వేసినంతే ఉంది. నా లెక్క తప్పలేదు.

ఆ తర్వాత నాన్న కారు ముట్టుకోలేదు. తాళంచెవిని నా బైకు తాళం వేలాడే మేకుకు తగిలించాడు. ఎవరైనా వచ్చి "సార్, ఆసుపత్రికి..." అంటే "మావాడు ఉన్నప్పుడు రండి," అని పంపేవాడు. ఆయనకు లేదనడం వచ్చేసింది. అమ్మ కట్టు చేత్తో కూర ముక్కలు తరగలేక అవస్థ పడుతుంటే, కత్తి లాక్కుని తానే తరిగేవాడు. ప్రతిరోజూ నోటి దాకా ఒక వాక్యం వచ్చేది నాకు. మంచం మీద తాతను చూసి మింగేసేవాడిని. తాతేమో, "ట్రాక్టరు వాడిదేరా తప్పు. మన బండి నున్నగా పోతా ఉండె," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు.

అమ్మ కట్టు విప్పిన వారంలో, ఒక ఉదయం నేను స్నానం చేసి బయటికొచ్చేసరికి తాత కారు ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. పక్కన గిన్నె. చేతిలో కోడి ఈక.

పరుగెత్తుకెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"ఏందిరా?"

"వద్దు తాతా. కొత్తవి వేశాం. వీటికి కందెన అక్కర్లేదు."

"అరవకముందే పెట్టుకోవాలిరా. అరిచిందాకా చూసేవాడు బండి తోలేవాడే కాదు."

అది మిల్లులో నేను చెప్పే మాటే. ఆయన మణికట్టు నా చేతిలో సన్నగా ఉంది. వదిలితే రాసేస్తాడు. వదలకుండా ఎంతసేపు పట్టుకోను?

తల ఎత్తితే వాకిట్లో నాన్న. పళ్ళు తోముకుంటున్నవాడల్లా ఆగిపోయాడు. గిన్నెను చూశాడు, ఈకను చూశాడు, నన్ను చూశాడు. నోరు కడుక్కుని మెల్లగా వచ్చి తాత పక్కన కూర్చున్నాడు.

"నాయనా, ఆ ఆదివారం కూడా పెట్టావా?"

"పెట్టకపోతే ఎట్టారా? అందుకేగా కిక్కురుమనకుండా పోయింది."

నాన్న నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేనేం చేసేవాడినో తెలియదు. ఆయన చాలాసేపు ఆ చక్రాన్నే చూశాడు. తర్వాత తాత చేతిలోంచి ఈక తీసుకున్నాడు.

"బాగా పెట్టావు నాయనా. ఈసారి అరిస్తే నువ్వు వంగి కష్టపడమాక. నాకు చెప్పు. నేను పెడతా."

"నీకు చేతనవుద్దా?"

"నువ్వు నేర్పుదువుగాని."

తాత సరేనని, నాన్న భుజం పట్టుకుని లేచాడు. మంచం దాకా నడిపించి కూర్చోబెట్టి, నాన్న ఇంట్లోకి వెళ్ళి నా మేకు మీది తాళంచెవి తీసుకొచ్చాడు. నేను ఏదో అనబోయాను. చెయ్యి ఎత్తి వద్దన్నట్టు చూపించాడు.

కారు తలుపు తీసి డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. తాళంచెవి తిప్పలేదు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని బ్రేకు పెడల్ తొక్కాడు, వదిలాడు. మళ్ళీ తొక్కాడు. నేను గిన్నె పట్టుకుని చక్రం పక్కనే నిలబడ్డాను. నిలబడి ఉన్న బండిలో ఎన్నిసార్లు తొక్కినా బ్రేకు పడుతుందో లేదో తెలియదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అయినా తొక్కుతూనే ఉన్నాడు.